పేరున్న పళ్లెం

"గా పల్లాలు గడప దాటినయంటె, గీ ఇంట్ల నేను మెతుకు ముట్ట. ఇనబడ్డదా?"

మాణిక్యమ్మ అంతే అన్నది. ముందున్న అన్నం కలిపింది కలిపినట్టే వదిలి, పీట మీద నుంచి లేచి, దేవుని అర్ర గుమ్మానికి ఆనుకొని కూర్చున్నది. డెబ్బై రెండేళ్ల మనిషి. ఎంత కోపంలోనైనా కొంగు భుజం మీద నుంచి జారనివ్వని మనిషి.

నిచ్చెన మీద ఉన్న కోడలు రాజమణి చేతిలో స్టీలు పళ్లాల దొంతర అలాగే ఉండిపోయింది. కిందికి అందించాలో, తిరిగి అటక మీదికి తోయాలో తోచలేదు. ఇంతలో అటక దుమ్ము ముక్కులో దూరి గట్టిగా తుమ్మింది.

"ఒంటి తుమ్ము!" అన్నాడు కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డ కిషన్. "సూసినవా? ఇంకేం గావాలె నీకు? దిగు."

"దుమ్ముకు తుమ్మొస్తె గది శకునమైతదా? ఆగుండ్రి, ఇంకోటి గూడ తుమ్ముత."

"నవ్వులాటగున్నదా నీకు?"

నవ్వులాటగా ఏం లేదు. రాజమణి దొంతరను గుండెకు ఆనించుకున్నది. పదహారో ఏట ములుగు ఘనపూర్ నుంచి ఈ జనగామ ఇంటికి కోడలై వచ్చిన నెలలోనే జ్వరం తగిలితే, పది రోజులు పక్కన కూర్చొని గంజి తాగించిన అత్త ఈమె. ఆ అత్త తన మూలంగా అన్నం మానేస్తానంటున్నది. కాని రాజమణి మాట ఇచ్చేసింది. అదీ ఎక్కడ? సమ్మె టెంటు కింద, మైకులో!

అంతా ఆ మురుగు మోరీ తెచ్చిన తంటా. సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. బస్సుల్లేవు, బడుల్లేవు, సర్కారు కచేరీల్లేవు. మోరీలు తీసే సఫాయి వాళ్లు కూడా టెంటు కిందే కూర్చున్నారు. పోయిన బుధవారం రోడ్డు మీద వంటా వార్పూ పెడితే, కిషన్ తన హోల్‌సేల్ దుకాణం నుంచి థర్మాకోల్ పళ్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు డబ్బాలకు డబ్బాలు ఊరికే పంపించాడు. తెలంగాణ కోసం ఆ మాత్రం చెయ్యనా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తెల్లవారే వాన. మోరీలు పూడుకుపోయి గల్లీ గల్లీ చెరువైంది. ఆ దానం చేసిన ఇంటి వంటగదిలోకే మడమల లోతు మురికినీళ్లొచ్చాయి. వాటి మీద తేలుకుంటూ ఆ గ్లాసులే వచ్చాయి, పంపినాయన ఇల్లు అడిగి తెలుసుకున్నట్టు!

రాజమణి వాటిని రెండు చేతులా ఎత్తి గంపలో పోసింది. గంప నిండితే బయట పెట్టింది. బయట అప్పటికే నడుమెత్తు గుట్ట. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే బండి వచ్చి తీసుకుపోతే, పోయిందనుకున్నది. ఎక్కడికీ పోలేదని ఆమెకు ఆ పొద్దు తెలిసింది.

మర్నాడు నేరుగా టెంటు దగ్గరికి పోయింది. సమ్మె చేస్తున్న బడి పంతులు దేవదాసు సార్ చేతిలోని మైకు అడిగి తీసుకున్నది. పుట్టి బుద్ధెరిగాక మైకు పట్టని మనిషి. "వచ్చే సోమవారం వంటా వార్పుకు పారేసే పల్లెం ఒక్కటి గూడ రావద్దు. ఇంటింటికెల్లి స్టీలుయి రావాలె. తిన్నోళ్లే కడగాలె. అయినంక గవన్ని బడి అర్రల పెడుదాం. వాడకట్టుల ఎవలింట్ల పెండ్లయినా, సావయినా అక్కడికెల్లే తీస్కపోవాలె. మొదలు మా ఇంటియి వస్తయి" అన్నది.

వాడకట్టులో తక్కిన పదకొండు దుకాణాల ఇళ్లవాళ్లు ముఖాలు చూసుకున్నారు. చివరికి ఒకాయన అన్నాడు, "మాణిక్యమ్మ ఒప్పుకుంటె మేం గూడ ఒప్పుకుంటం" అని. సంగతి అక్కడికొచ్చి ఆగింది. ఈ ముసలమ్మ అన్నం తింటే వాడకట్టు పళ్లాలు బయటికొస్తాయి, నిలుస్తాయి. తినకపోతే, పళ్లాల సంగతి తేల్చే మంగళవారం మీటింగులో అంతా చాప చుట్టేసి, మళ్లీ కిషన్ దుకాణం ముందే వరస కడతారు.

రాజమణి నిచ్చెన దిగింది. దొంతర కింద పెట్టింది. కిషన్ గొంతు తగ్గించాడు.

"నీకు అసలు సంగతి సమజ్ కాలే. జనం గ్లాసులు ఎందుకు కొంటున్నరనుకున్నవ్? కడుగుడు తప్పుతదనా? కాదు. పారేసే గ్లాసుల తాగితె ఎవ్వలకు ఎవ్వల ఎంగిలి తగలది. మనింటికొచ్చిన కూలోనికి ఏ గ్లాసుల ఇయ్యాలె అని పరేషాన్ లేదు. గానికి గూడ మన గ్లాసు గావాలె అని కొట్లాట లేదు. నేను అమ్మేది ప్లాస్టిక్ గాదే పిచ్చిదాన. కొట్లాట లేకుండ చేసుడు అమ్ముతున్న."

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో భర్త ఇంత నిజం చెప్పడం రాజమణి వినలేదు.

"మరి గా కొట్లాటంత ఇప్పుడు మోరీల వడ్డది గదా," అన్నది. "మనొక్క ఇంట్ల మానితె ఏమైతది? తెచ్చేది మనం, అమ్మేది మనం. మీ దుకాణం మారకుంటె ఎన్ని గంపలు ఎత్తినా అంతే."

"దుకాణం దాక వచ్చినవన్నట్టు."

"వచ్చిన."

దేవుని అర్ర గుమ్మం దగ్గర నుంచి మాణిక్యమ్మ అందుకుంది. "ఆయన పేరు కొట్టిచ్చుకున్న పల్లాలు. బిడ్డల పెండ్లిల్లకని ముచ్చటపడి కొన్నడు. ఆయన పేరు ఎవలెవలి ఎంగిలి చేతులల్ల తిరుగుతదా? మీరేమన్న చేసుకోండ్రి. నా మాట నేను చెప్పిన."

నిజమే, ప్రతి పళ్లెం అంచునా చుక్కలు చుక్కలుగా సుత్తితో కొట్టిన పేరుంది: నర్సయ్య సేటు, జనగామ. మాణిక్యమ్మకు చదువు రాదు. కాని రోజూ అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో అంచు పట్టుకొని, బొటనవేలు ఆ చుక్కల మీద ఉంచుతుంది. మొగుడు పోయి తొమ్మిదేళ్లయినా అది మారలేదు. ఆయన కూర్చునే పీట కూడా వంటింటి గోడకు ఆనించి అలాగే ఉంది. దాని మీద ఇంతవరకు ఎవరూ కూర్చోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి ఆటో వచ్చింది. పళ్లాలు గడప దాటాయి. మాణిక్యమ్మ చూసింది, తల తిప్పుకున్నది. ఆ పూట మజ్జిగ తాగింది, అంతే.

*

బడి అరుగు మీద బిక్షం కూర్చున్నాడు. గిన్నెల మీద పేర్లు కొట్టడం అతని పని. ప్లాస్టిక్ వచ్చిన దగ్గర నుంచి పని లేక సైకిళ్లకు పంక్చర్లు వేస్తున్నాడు. ఆ పొద్దునే వచ్చి, "పేర్లు లేని పల్లాలకు నేను ఊరికే కొడ్త, లేకుంటె ఎవలియి ఎవలికి పోతయో" అని సుత్తి, ఉలి బయటికి తీశాడు. అంతే, టక్ టక్ మని చప్పుడు మొదలైతే పొద్దుగూకే దాకా ఆగలేదు.

రాజమణి పళ్లాలు అందిస్తూ పక్కనే కూర్చున్నది. పాలకుర్తి దిక్కు తండా నుంచి రామి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఎర్రకొంగు కప్పుకొని, నెత్తి మీద గోనెసంచిలో తండా పళ్లాలు మోసుకొచ్చింది. ఒకటి తీసి ముందు పెట్టింది.

"ఇంటాయన పేరేంది?" అడిగాడు బిక్షం.

"జాల్యా. కాని నా పేరు కొట్టు. రామి."

"ఇంటాయన పేరే కొడ్తరు గద అవ్వా ఎవలైనా."

"గీ పల్లెం నేను పత్తి ఏరి కొన్న. వండేది నేను, తోమేది నేను. ఆయన తినుడే తింటడు. కొట్టు, రామి అని కొట్టు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. బిక్షం కూడా నవ్వి, కొట్టాడు. రామి పళ్లెం అందుకొని ఆ చుక్కల మీద వేలు పెట్టింది.

"గింతేనా?"

"గింతే. రెండక్షరాలు."

"రెండేనా! గిన్ని దినాలు గీ రెంటి కోసమా నేను వేలిముద్ర ఏసింది?" అన్నది రామి. పళ్లాన్ని ఎండకు ఎత్తి పట్టుకొని చూసింది, దించి చూసింది, మళ్లీ ఎత్తింది. ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగు చూసి రాజమణి తమ ఇంటి పళ్లాల దొంతర వైపు తిరిగింది. తన ఇంట్లో మూడు వందల పళ్లాలున్నాయి. ఒక్కదాని మీద కూడా తన పేరు లేదు. ఆ సంగతి ఆమెకు ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి తట్టింది.

*

సోమవారం. ఎట్లా చెప్పాలి ఆ రోజు సంగతి! వరంగల్ రోడ్డు మీద, బస్సులు తిరగాల్సిన చోట, కనుచూపు మేర పొయ్యిలు. టీచర్లు, గుమస్తాలు, వకీళ్లు, హమాలీలు, తండాల వాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. డప్పులు ఒక పక్క, బగారన్నం వాసన ఒక పక్క. రోడ్డు అన్నది బండ్ల కోసమే పుట్టిందనుకునేవాళ్లు ఆ రోజు వచ్చి చూడాల్సింది.

మొదటి పంక్తి కూర్చున్నది. పళ్లాలు పరిచారు. తిన్నారు. లేచి, వరసగా పెట్టిన ఇనుప తొట్ల దగ్గరికి నడిచారు. ఒక దాంట్లో కడిగి, ఇంకో దాంట్లో ముంచి, మూడో దాంట్లో జాడించి దొంతరలో పెట్టాలి. ఇంట్లో చెంబు కూడా ఎత్తని పెద్దమనుషులు చొక్కా చేతులు పైకి మడిచి బూడిదతో పళ్లాలు తోముతుంటే ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

"సార్, అంచు కాడ జిడ్డున్నది, మల్ల తోమండ్రి!" అని రామి దేవదాసు సార్‌ను గద్దించింది. సార్ మళ్లీ తోమాడు.

అదే దొంతరలోంచి రెండో పంక్తికి వడ్డించారు. తర్వాత మూడో పంక్తికి. ఎవరి పళ్లెం ఎవరికొచ్చిందో ఎవరూ చూడలేదు. హమాలీ ముందు నర్సయ్య సేటు పేరు, ఇంకో దుకాణం సేటు ముందు తండా పేరు. రాజమణి వంతు వచ్చేసరికి ఆమె ముందుకు వచ్చిన పళ్లెం మీద 'బక్కయ్య' అని ఉంది. ఎవరో ఈ బక్కయ్య! ఒక్క క్షణం చెయ్యి ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది. మైకులో అంత మాట్లాడిన మనిషికి చెయ్యి ఆగింది. సిగ్గుపడి గబగబా నాలుగు ముద్దలు మింగింది. ఐదో ముద్ద నుంచి అన్నం రుచి తెలిసింది.

అందరూ తిన్నాక దేవదాసు సార్ చీపురు పట్టుకొని రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. రాలిన మెతుకులు మేకలు తింటున్నాయి. పొయ్యిల బూడిద ఉంది. ఇంకేమీ లేదు. వేలమంది తిని లేచిన చోట ఊడ్చడానికేమీ లేదు! సార్ చీపురు చంకలో పెట్టుకొని అలాగే నిలబడ్డాడు. డప్పు వాళ్లు కూడా ఆపి చూశారు. రాజమణికి కళ్ల నిండా నీళ్లొచ్చాయి. ఇంత పెద్ద పని ఇంత చప్పుడు లేకుండా అవుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

కళ్లు తుడుచుకొని తల ఎత్తేసరికి, గల్లీ మొదట్లో తమ డాబా మీద తెల్లచీర కనిపించింది. మాణిక్యమ్మ. పిట్టగోడ పట్టుకొని రోడ్డంతా చూస్తున్నది. ఎప్పటి నుంచి నిలబడ్డదో ఏమో.

*

సాయంత్రం, బడి అర్రలో పట్టని పళ్లాలు కొన్ని ఇల్లు చేరాయి. తక్కినవి బడి అర్రలోనే ఉన్నాయి. మీటింగు తెల్లవారి పొద్దున. అప్పటికే వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు ఏదో పని పెట్టుకొని వచ్చి, "మాణిక్యమ్మ తిన్నదా?" అని అడిగి వెళ్లారు. రాజమణి ఏమని చెబుతుంది? నిన్న పగటి నుంచి మజ్జిగ తప్ప లేదు.

కిషన్ దుకాణం తెరవలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు, "రేపు మా అక్కకు ఫోన్ చేస్త. అమ్మను మహబూబాబాద్ తోల్కపొమ్మంట. గీడ ఉపాసముండి పాణం మీదికి తెచ్చుకుంటె ఎవలు జవాబు చెప్పాలె? నువ్వా, నీ తెలంగాణనా?"

రాజమణి పొయ్యి మీద చారు కలుపుతూ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపొస్తుంది.

అప్పుడే పీట చప్పుడైంది. మాణిక్యమ్మ వచ్చి తన పీట వాల్చుకుంది. గూట్లో రోజువారీ పళ్లెం ఉంది, ఎవరూ ముట్టనిది. ఆమె దాని వైపు చూడలేదు. వాకిట్లోంచి తెచ్చి పెట్టిన దొంతర మీద నుంచి ఒకటి తీసి ముందు పెట్టుకుంది.

"ఏమున్నది?" అన్నది.

రాజమణి గరిటె పట్టుకొని ఇటు తిరిగింది. "చారు అత్తమ్మా. బీరకాయ తొక్కు."

"పెట్టు."

అన్నం పెట్టింది. తొందరలో రెండు మెతుకులు కింద పడ్డాయి. కిషన్ గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. మాణిక్యమ్మ ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది. ఎడమచెయ్యి అలవాటుగా అంచు పట్టుకుంది. బొటనవేలు చుక్కల మీదికి పోయింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ పోయింది.

"పేరు పొట్టిగున్నది," అన్నది.

రాజమణి వంగి చూసింది. రెండే అక్షరాలు. బడి దగ్గర చీకటి పడుతుంటే తొందరలో దొంతరలు కలిసిపోయాయి.

అరిగిపోయిందత్తమ్మా అంటే సరిపోతుంది. ముసలామెకు చదువు రాదు. అనమని కిషన్ కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఒక్క మాట. అత్త తింటుంది, రేపు మీటింగు గట్టెక్కుతుంది, అంతా సుఖం. కాని పగలు రోడ్డు మీద తన చెయ్యి ఆగిన సంగతి రాజమణికి గుర్తొచ్చింది. ఆ పళ్లెం తమది కాదని తెలిసే తిన్నది తను.

"మనది గాదత్తమ్మా. రామిది. పాలకుర్తి దిక్కు తండా ఆమెది."

పొయ్యి మీద చారు పొంగింది. ఎవరూ పొయ్యి తగ్గించలేదు.

"గా ఎర్రకొంగు ఆమెనా? సారును మల్ల తోమమన్నదట?"

"ఆఁ. ఆమెనే."

"మనది ఆమెకు పోయిందా?"

"పోయినట్టున్నది."

"దాంట్ల తింటదా ఆమె?"

"తింటది, అత్తమ్మా."

మాణిక్యమ్మ చాలాసేపు అన్నం వైపు చూసింది. బొటనవేలు ఆ రెండు అక్షరాల మీదే ఉంది. తీయలేదు.

"జర చారు పొయ్యి," అన్నది. "గొంతు పట్టుకుంటున్నది."

రాజమణి చారు పోసింది. కిషన్ గోడకు చేరగిలబడి, మొహం తుడుచుకున్నాడు. రాజమణికి ఆ ముసలామె కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. యాభై ఏళ్ల కట్టుబాటు ఒక ముద్ద కింద దిగిపోవడం ఇంత దగ్గర నుంచి చూస్తానని ఆమె అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి పిలుపు వినిపించింది.

"సేటమ్మా! ఓ సేటమ్మా! మీ పల్లెం నా సంచిల వచ్చిందట, ఆటోలోల్లు సదివి చెప్పిండ్రు. నా పల్లెం మీకాడేమన్న ఉన్నదా? ఆటో ఆపి వచ్చిన."

మాణిక్యమ్మ చెయ్యి ముద్ద మీదే నిలిచిపోయింది. పళ్లెంలో ఇంకా సగం అన్నం ఉంది.

"జరసేపు ఆగమని చెప్పాల్నా అత్తమ్మా?" అన్నది రాజమణి గుసగుసగా.

"పల్లెం గల్లామెను వాకిట్ల నిలవెట్టి, ఆమె పల్లెంల నేను తింటనా? ఆమె తిన్నదో లేదో అడుగు."

"లోపటికి రమ్మంటె... ఏడ కూసుండవెట్టాలె?"

ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగే అవసరం రాలేదు. వాకిట్లో వాళ్లు వాకిట్లోనే ఉండేవాళ్లు, చేతిలో ఒక ప్లాస్టిక్ గ్లాసు పెడితే తాగి పారేసి పోయేవాళ్లు. మాణిక్యమ్మ కోడలి ముఖంలోకి చూసింది, కొడుకు ముఖంలోకి చూసింది.

"ఏడ కూసుంటదో గామెనె అడుగు," అన్నది.

రాజమణి కొంగు బిగించుకొని తలుపు వైపు నడిచింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. వెనకాల వంటింట్లో, గోడకు ఆనించి ఉన్న నర్సయ్య సేటు పీటను ఎవరో కదిలించిన చప్పుడైంది. వాలుస్తున్నది అత్తనా, తీసి దాస్తున్నది మొగుడా? తిరిగి చూడకుండానే ఆమె గొళ్లెం తీసింది.